మీ బండే బండి

చింతమెరకలో మనుషుల మధ్య ఉండవలసిన భేదాలన్నీ ఉండేవి. అయితే వాటికోసం ఆదివారం పాడుచేసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆదివారం తెల్లవారగానే ఊళ్ళోని కొందరు పెద్దమనుషులు, రైతుబజారుకు వెళ్ళే బాధ్యత తమ మీద పడకముందే ఇంట్లోంచి జారుకొని, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే మొరటు బండ్లెక్కి, ఊరి పక్కనే పారే ఏడొంపుల వాగులోకి దిగేవారు. చక్కటి తారురోడ్డు మీద బండి నడపడం వారి దృష్టిలో ఉగ్గుగిన్నెతో పాలు తాగడం వంటిది. బురద ఉండాలి, బండరాళ్ళుండాలి, వీలైతే రెండూ ఒకేచోట ఉండాలి.

ఆ బండ్లు రెండు రకాలు. ఒకటి శరభ, రెండోది భల్లూక. రెండింటిలో ఏది గొప్పదనే ప్రశ్న మీద చింతమెరకలో జరిగినంత చర్చ ఆ బండ్లు తయారుచేసిన కంపెనీలలో కూడా జరిగి ఉండదు.

దక్షిణామూర్తిది శరభ. ఆయన జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడు. వాగులోకి దిగేముందు ఇసుకను పిడికిట్లోకి తీసుకొని పరీక్షించేవాడు, వాలు ఎంతుందో కంటితో కొలిచేవాడు, టైర్లలో గాలి కొంత తీసేవాడు. నల్లమిల్లి బుల్లిరెడ్డిది భల్లూక. వాగు అవతలి గట్టున జీడితోటలు, ఇవతలి గట్టున జీడిపప్పు బట్టీ ఉన్నవాడు. ఆయన ఏమీ పరీక్షించేవాడు కాదు. "పదవే తల్లీ" అని స్టీరింగు మీద ఒక్క చరుపు చరిచి దిగిపోయేవాడు. ఇద్దరూ హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇద్దరి బండ్లూ ఇంచుమించు సమానంగానే కూరుకుపోయేవి.

కూరుకుపోయిన బండిని లాగే విషయంలో ఆ వాగులో ఒక ఆచారం ఉండేది. సొంత బ్రాండువాడు తాడు వేయకూడదు. ఎదుటి బ్రాండువాడికే ఆ హక్కు. బయటపడ్డవాడు భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టుకొని, బురదలోనే నిలబడి, లాగిన బండికి చేతులు జోడించి "మీ బండే బండి" అని మూడుసార్లు, గట్టు మీదివాళ్ళకు వినిపించేలా అనాలి. మూడోసారి అన్నాక ఇద్దరూ కలిసి నూకాలు కొట్లో టీ తాగాలి. మూడోసారి అనేంతవరకు తాడు విప్పినా విప్పినట్టు కాదు.

ఆ ఆదివారం కూరుకుపోయింది శరభ.

"ఏరా మూర్తీ, ఇసక లెక్కెట్టావు గదా! ఒక రేణువు మర్చిపోయావేటి?" అన్నాడు బుల్లిరెడ్డి, తాడు కొక్కెం తగిలిస్తూ.

"నా లెక్క తప్పలేదురా. వాగే తప్పింది."

"నీ దగ్గర చదూకున్న పిల్లకాయలు కూడా ఇలాగే చెప్పేవోరంట, పరీక్ష తప్పాక."

"ముందు లాగు. మీ భల్లూకం తేనె పోస్తేగాని కదలదట గదా. డీజిలు పోశావా, తేనె పోశావా?"

భల్లూక గుర్రుమంది. శరభ బురదలోంచి చప్పుడు చేస్తూ బయటపడింది. గట్టు మీదివాళ్ళు ఈలలు వేశారు. దక్షిణామూర్తి తువ్వాలు నడుముకు చుట్టి, మోకాలి లోతు బురదలో నిలబడి, చేతులు జోడించాడు.

"మీ బండే బండి."

"వినపళ్ళేదండీ, మేష్టారూ!" అన్నారు గట్టు మీది భల్లూకలు.

"మీ బండే బండి!"

మూడోసారికి ఆయన ఊపిరి తీసుకుంటూ ఉండగా గట్టు మీద తెల్లటి ప్రభుత్వ వాహనం ఆగింది. అందులోంచి, ఆ వారమే డివిజనుకు వచ్చిన రెవెన్యూ డివిజనల్ అధికారి సత్యవ్రతం దిగాడు.

"ఆపండి!" అన్నాడు.

సత్యవ్రతం నిజాయితీపరుడు. లంచం ఎరుగడు, సెలవు ఎరుగడు, నవ్వు కూడా ఎరుగడు. అంతకుముందు పనిచేసిన చోట రెండు వర్గాల మధ్య గొడవను సకాలంలో పసిగట్టలేకపోయారని ఆయనను మందలించి పంపారు. అందువల్ల ఈసారి అన్నిటినీ సకాలానికి ముందే పసిగట్టాలన్న దీక్షతో వచ్చాడు. ఆయనకు కనిపించినదేమిటంటే, వయసు మళ్ళిన ఒక ఉపాధ్యాయుడు బురదలో చేతులు జోడించి నిలబడ్డాడు. ఎదురుగా ఒక కలవాడు తాడు పట్టుకొని ఉన్నాడు. చుట్టూ జనం నవ్వుతున్నారు.

"ఈ వృద్ధుణ్ణి ఈ స్థితికి తెచ్చినదెవరు?"

"వాగండి," అన్నాడు బుల్లిరెడ్డి. "నేను లాగానంతేనండి."

"తాడుతోనా?"

"తాడుతోనేనండి. ఒట్టి చేతుల్తో రాదు గదండి."

అధికారి ముఖం మరింత గంభీరమైంది. "మీరు ఏ వర్గం?"

ఇక్కడ చింతమెరక వాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు జరిగింది. ఏడొంపుల వాగులో ఆదివారంనాడు 'నువ్వెవరు' అని అడిగితే ఎవరైనా చెప్పే సమాధానం ఒకటే. అదే అలవాటుతో బుల్లిరెడ్డి ఛాతీ విరుచుకొని చెప్పాడు.

"నేను భల్లూకండి. ఆడు శరభ."

"తరతరాలుగానా?"

"మా నాన్నగారిది కూడా భల్లూకేనండి. అప్పట్లో పైన గుడ్డ టాపు ఉండేది."

సత్యవ్రతం దక్షిణామూర్తిని స్వయంగా చెయ్యిపట్టి గట్టెక్కించి, తన వాహనంలో ఇంటివద్ద దింపాడు. దారిపొడుగునా దక్షిణామూర్తి ఇది ఆట అని, తాము బాల్యమిత్రులమని, మూడోసారి ఇంకా అనవలసి ఉందని, తరవాత టీ తాగవలసి ఉందని చెబుతూనే ఉన్నాడు.

"బాధితులు సాధారణంగా ఇలాగే చెబుతారు," అన్నాడు అధికారి జాలిగా.

వారం తిరగకుండా బ్రాండు సామరస్య సంఘం ఏర్పడింది. మొదటి సమావేశం డివిజను కార్యాలయంలో జరిగింది. శరభలకు ఎడమ పక్క, భల్లూకలకు కుడి పక్క కుర్చీలు వేశారు. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. దక్షిణామూర్తి అలవాటుకొద్దీ బుల్లిరెడ్డి పక్కన కూర్చోబోతే, తహసీల్దారు హైమవతి మర్యాదగా లేపి ఎడమ పక్కకు పంపింది.

"మేష్టారూ, అపార్థం చేసుకోకండి. ఆదేశం అలా ఉంది," అన్నది ఆవిడ. హైమవతి ఆ కార్యాలయంలో చాలామంది అధికారులను చూసింది. ఆదేశాలు వానల వంటివని, తడవకుండా నడిచే ఉపాయం చూసుకోవడమే తప్ప ఆపగలిగేది లేదని ఆవిడ నమ్మకం.

సత్యవ్రతం లేచాడు.

"చింతమెరక డివిజనులో వాహన వర్గాల మధ్య ఇప్పటివరకు ఒక్క ఘర్షణ కూడా నమోదు కాలేదు. దీన్నిబట్టి ఈ ఘర్షణను ఎంత లోతుగా అణచివేశారో సభ్యులు గ్రహించగలరు."

దక్షిణామూర్తి చెయ్యెత్తాడు. "నమోదు కాలేదంటే, లేదని కూడా అర్థం చేసుకోవచ్చు గదండీ?"

"విజ్ఞానశాస్త్రంలో చేసుకోవచ్చు. పరిపాలనలో లేనిదాన్ని ముందస్తుగా నివారించాలి. నివారించాలంటే ముందుగా దాన్ని గుర్తించాలి. గుర్తించాలంటే అది ఉండాలి."

"రెండు బండ్లకీ టైర్లు ఒకే కొట్లో కొంటామండీ. బేరింగులు ఒకే కార్ఖానాలో తయారవుతాయి. విప్పి పక్కపక్కన పెడితే ఏది శరభో ఏది భల్లూకో మెకానిక్కు కూడా చెప్పలేడు."

"అంత దగ్గరి పోలికలున్న వర్గాల మధ్యనే ఘర్షణలు తీవ్రంగా ఉంటాయని నా అనుభవం," అన్నాడు సత్యవ్రతం. ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉందని దక్షిణామూర్తికి అనిపించి, ఆయన ఎత్తిన చెయ్యి దించాడు. చెయ్యి దించడాన్ని అంగీకారంగా నమోదు చేసుకున్నారు.

నిబంధనలు వచ్చాయి. ప్రతి వాహన యజమానీ తహసీల్దారు నుంచి బ్రాండు ధ్రువపత్రం పొందాలి. వాగు ఇవతలి గట్టు శరభలకు, అవతలి గట్టు భల్లూకలకు. ఒక గట్టు వాహనంగాని, అందులో వచ్చినవారుగాని రెండో గట్టుకు చేరాలంటే డివిజనల్ అధికారి సంతకం, సీలు ఉన్న అనుమతి ఉండాలి. కూరుకుపోయిన వాహనాన్ని ఎదుటి బ్రాండు వాహనం లాగాలంటే అంతర్‌బ్రాండు లాగుడు అనుమతి కావాలి. దరఖాస్తు కూరుకుపోవడానికి పదిహేను రోజుల ముందు అందజేయాలి. 'మీ బండే బండి' అనే నినాదం కించపరిచే వ్యాఖ్యల కిందికి వస్తుంది. టీ కొట్టులో ఘర్షణకు తావివ్వకుండా శరభలకు గాజు గ్లాసులు, భల్లూకలకు స్టీలు గ్లాసులు వాడాలి.

గ్లాసుల సంగతి చెప్పినప్పుడు నూకాలు చాలాసేపు అధికారి ముఖంలోకి చూసింది.

"అలాగేనండి బాబూ. మా అమ్మ చిన్నప్పుడు కూడా ఈ కొట్లో రెండు రకాల గ్లాసులుండేయంట. అయి తీయించినందుకు ఈ ఆఫీసోళ్ళే మా తాతకి దండేసేరంట. దండ ఇప్పుడు వెనక్కి ఇచ్చెయ్యాలేటండి?"

దండ విషయం పరిశీలిస్తామని అధికారి హామీ ఇచ్చాడు.

బ్రాండు ధ్రువపత్రాల పరిశీలన దగ్గర దక్షిణామూర్తికి చిక్కు వచ్చింది. చాలాకాలం క్రితం ఆయన శరభ గేరుబాక్సు పగిలిపోతే, బుల్లిరెడ్డి, పాడైపోయిన తన పాత భల్లూకలోంచి గేరుబాక్సు తీయించి దగ్గరుండి బిగింపించాడు. పరిశీలనలో అది బయటపడింది.

"మేష్టారూ, ఇది మిశ్రమం," అన్నది హైమవతి కళ్ళజోడు సవరించుకుంటూ. "దీన్ని ఫారంలో ఏ కాలమ్‌లో రాయాలో నాకు పాలుపోవడం లేదు."

"నడుస్తున్నదని రాయండి."

"ఆ కాలమ్ లేదండి. పైవారిని అడిగాను. చాసిస్ తండ్రి వైపు అట, గేరుబాక్సు తల్లి వైపు అట. తండ్రి వైపునే లెక్కలోకి తీసుకోమన్నారు." ఆవిడ ముద్ర వేసి కాగితం ఇచ్చింది. 'శరభ, భల్లూక మాతృమూలం కలది' అని అందులో ఉంది. "దాచిపెట్టుకోండి. మనవలకి పనికొస్తుంది," అన్నది. ఆవిడ హాస్యమాడుతున్నదో లేదో దక్షిణామూర్తికి చివరిదాకా తెలియలేదు.

లేనిదాన్ని గుర్తిస్తే ఏమవుతుందో ఆ తరవాత నెమ్మదిగా తెలియవచ్చింది. సామరస్య సంఘంలో ఒక్కొక్క బ్రాండుకు ఒక్కొక్క ప్రతినిధి ఉండాలన్నారు. ప్రతినిధి ఉండాలంటే సంఘం ఉండాలి. శరభ సంక్షేమ సంఘానికి కొప్పిశెట్టి త్రినాథ్ అనే స్థలాల వ్యాపారి అధ్యక్షుడయ్యాడు. అతనికి ఉన్నది ఒక పాత మోపెడ్.

"నాకు శరభ బండి లేకపోవచ్చు మేష్టారూ, శరభ గుండె ఉంది," అన్నాడు అతను, దక్షిణామూర్తి ఇంటి గోడ మీద బొమ్మ వేయించడానికి వచ్చి. బొమ్మలో ఎనిమిది కాళ్ళ మృగం ఒకటి ఎలుగుబంటిని తొక్కుతున్నది.

"గోడకి ఈమధ్యనే సున్నం వేయించానయ్యా."

"మీలాంటి బాధితులే వెనకాడితే ఎలాగండీ? అసలీ ఉద్యమానికి మూలం మీరు."

అవతల భల్లూక పరిరక్షణ సమితి పుట్టింది. దాని బొమ్మలో ఎలుగుబంటి శరభ మెడ కొరుకుతున్నది. ఒకనాడు ఆ బొమ్మ ముందునుంచి నడిచి వెళుతుంటే దక్షిణామూర్తికి చెవులు వేడెక్కాయి. ఆయన ఆగి, మణికట్టు పట్టుకొని నాడి చూసుకున్నాడు. వేగంగా కొట్టుకుంటున్నది. ఈ విభజనను ఒక్క క్షణం కూడా నమ్మని తనకే నాడి ఇలా కొట్టుకుంటే, నమ్మినవాడి సంగతేమిటని ఆలోచించాడు. ఆ ఆలోచన ఆయనకు నచ్చలేదు. అయినా చెవులు చల్లబడడానికి చాలాసేపు పట్టింది.

బుల్లిరెడ్డితో ముఖాముఖి మాట్లాడి చాలా రోజులైంది. ఇద్దరూ ఒకచోట కనిపిస్తే రెండు సంఘాలవాళ్ళూ చుట్టూ మూగుతున్నారు. ఫోనులో మాట్లాడుకునేవారు. మొదట్లో నవ్వుకునేవారు. తరవాత నవ్వుల మధ్య ఎడం పెరిగింది.

"ఒరేయ్ మూర్తీ, మొన్న మా తోట గేటు మీద రంగెవడో కొట్టేడు. మీవాళ్ళేనంట."

"మావాళ్ళెవర్రా?"

"అదే, శరభలు."

"నాకు మావాళ్ళంటే నువ్వూ, మా ఆవిడా. మా ఆవిడ రంగు కొట్టదు."

"ఎటకారం కాదురా. నేను సమితిలో కూకుంటన్నాను గదా, నన్నడుగుతున్నారు. ఆ త్రినాథ్ గాణ్ణి కాస్త అదుపులో పెట్టుకోమని చెప్పు మీ..."

"మీ?"

అవతల నుంచి బట్టీలో జీడిపిక్కలు పగులుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. "సర్లే. ఉంటాను," అన్నాడు బుల్లిరెడ్డి.

ఏభై ఏళ్ళ స్నేహంలో వాళ్ళిద్దరూ చాలాసార్లు తిట్టుకున్నారు. ఒకసారి మాటలు కూడా మానేశారు. కాని 'మీవాళ్ళు' అనే మాట ఇద్దరి మధ్యకీ రావడం అదే మొదలు. తాడు ఇంకా విప్పలేదన్న సంగతి ఆ రోజు దక్షిణామూర్తికి గుర్తుకొచ్చింది. మూడోసారి అనలేదు. టీ తాగలేదు. శాస్త్రీయంగా చూస్తే ఆ రెండింటికీ ఈ చిక్కుకూ సంబంధం లేదు. అయినా అనేసి ఉంటే బాగుండేదనిపించింది.

ఇలా ఉండగా సామరస్య దినోత్సవం వచ్చింది. నిబంధనలు అమలులోకి వచ్చాక డివిజనులో వాహన ఘర్షణలు నమోదు కావడం మొదలైంది కాబట్టి, సంఘం అవసరం రుజువైందని పైనుంచి అభినందనలు వచ్చాయి. ఆ సందర్భంగా వాగు నడిమధ్య ఒక సామరస్య స్తంభం పాతాలని సత్యవ్రతం నిర్ణయించాడు. ఇవతలి గట్టున శరభలు, అవతలి గట్టున భల్లూకలు జెండాలతో నిలబడ్డారు. ఏ వర్గానికీ చెందని ప్రభుత్వ వాహనంలో అధికారి, వెనక సీట్లో నిబంధనల పుస్తకంతో హైమవతి, ముందు డ్రైవరు, డిక్కీలో స్తంభం.

గట్టు దిగేముందు దక్షిణామూర్తి అడ్డు వచ్చాడు. "అయ్యా, నడిమధ్య ఊబి ఉంది. నేను దిగబడ్డది అక్కడే. పైగా నీళ్ళు ఎర్రబడుతున్నాయి చూడండి. కొండమీద వాన పడుతున్నట్టుంది."

"మీరు శరభ వర్గం వారిగా చెబుతున్నారా, భల్లూక మాతృమూలం కలవారిగా చెబుతున్నారా?"

"కళ్ళున్నవాడిగా చెబుతున్నానండీ."

ఫారంలో ఆ కాలమ్ లేదు. వాహనం దిగింది. సరిగ్గా నడిమధ్య ఆగింది. చక్రాలు తిరిగాయి, బురద చిమ్మింది, వాహనం ఇరుసుదాకా కూర్చుంది.

"ప్రజలు ఆందోళన చెందవద్దు," అని మైకులో అధికారి గొంతు వినిపించింది. "పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. వాహనం స్థిరంగా ఉంది."

"స్థిరంగా ఉండడవే గదండీ గొడవ," అని డ్రైవరు గొంతు కూడా అదే మైకులో వినిపించింది. "నీళ్ళు లోపలికొచ్చేస్తన్నాయండి."

అవతలి గట్టున బుల్లిరెడ్డి అప్పటికే తాడు తీసి కొక్కేనికి తగిలిస్తున్నాడు. ఇవతల దక్షిణామూర్తి కూడా తీశాడు. వాగులో తాడు వేయడానికి ఎవరూ ఎవరినీ అడిగిన అలవాటు లేదు.

"ఆగండి!" అన్నది మైకు. "ప్రభుత్వ వాహనాన్ని ఒక వర్గం లాగితే ప్రభుత్వం ఆ వర్గానికి రుణపడినట్టవుతుంది. తహసీల్దారు గారూ, నిబంధన?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఇలాంటి సందర్భం మనం ఊహించలేదు సార్."

"అయితే నిష్పక్షపాతంగా ఇరు వర్గాలూ లాగవలెను. ఏకకాలంలో. సమాన బలంతో. ఎవరి గట్టు నుంచి వారు."

దక్షిణామూర్తి చేతులు రెండూ నోటిచుట్టూ పెట్టుకొని అరిచాడు. "అయ్యా! రెండు సమాన బలాలు ఎదురెదురుగా లాగితే ఫలితం సున్నా అండీ!"

"సున్నా అంటే నిష్పక్షపాతమే కదా!" అన్నది మైకు.

ముందు బంపరుకు ఒక తాడు, వెనక బంపరుకు ఒక తాడు పడ్డాయి. పచ్చజెండా ఊపారు. భల్లూక గుర్రుమంది. శరభ గర్జించింది. రెండు తాళ్ళూ వీణతీగల్లా బిగిశాయి. రెండు గట్లూ లాగాయి. ప్రభుత్వం కదలలేదు. రెండు బంపర్లూ మూలిగాయి. నీళ్ళు తలుపుల సగందాకా వచ్చాయి. హైమవతి నిబంధనల పుస్తకాన్ని నెత్తిమీద పెట్టుకొని సీటు మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"లాగండి మేష్టారూ!" త్రినాథ్ శరభ కిటికీ పట్టుకొని అరుస్తున్నాడు. "తగ్గకండి! అటుపక్కకి పోతే మన పరువేం కావాలి?"

అవతలి గట్టు నుంచి కూడా అవే కేకలు, అదే స్వరంలో. అద్దంలోంచి దక్షిణామూర్తికి బుల్లిరెడ్డి కనిపిస్తున్నాడు. అతని పక్కన కూడా ఒక త్రినాథ్ అరుస్తున్నాడు. ఇద్దరిలో ఒకరు వదిలితే ఆ బండి బయటపడుతుంది. వదిలినవాడు తన గట్టు మీద ద్రోహి అవుతాడు. ఇందులో లెక్క కట్టవలసిందేమీ లేదు. మూడో ఫారం పిల్లవాడికి కూడా తెలిసే సంగతి. తెలియడానికీ చేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆయన కాలు యాక్సిలరేటరు మీద ఉండగా మొదటిసారి తెలుసుకున్నాడు.

కాలు తీశాడు. గేరు మార్చి బండిని వాగువైపు కొంచెం వదిలాడు. తాడు సడలింది. దిగి, కొక్కెం విప్పి, తాడు నీళ్ళలో పడేశాడు.

"మేష్టారూ! చరిత్ర మిమ్మల్ని క్షమించదు!" అన్నాడు త్రినాథ్.

"నేను ఫిజిక్సు వాణ్ణయ్యా. చరిత్ర మేష్టారు వేరే," అని దక్షిణామూర్తి వాగులోకి దిగాడు. మోకాలి లోతు వచ్చాక నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. రెండు గట్ల మీదా కేకలు ఆగిపోయాయి. చేతులు జోడించి, అవతలి గట్టు మీది భల్లూకవైపు తిరిగి, పాఠం చెప్పినన్నాళ్ళూ చివరి బెంచీకి వినిపించిన గొంతుతో అరిచాడు.

"మీ బండే బండి!"

ఒక్కసారే అన్నాడు. అంతే బాకీ ఉంది.

బుల్లిరెడ్డి స్టీరింగు మీద ఒక్క చరుపు చరిచాడు. "పదవే తల్లీ!" ప్రభుత్వ వాహనం పెద్ద చప్పుడుతో ఊబి వదిలి, వెనక బంపరు వాగుకు సమర్పించి, అవతలి గట్టెక్కింది.

శరభలు దక్షిణామూర్తిని అప్పటికప్పుడే సంఘం నుంచి బహిష్కరించారు. ఆయన ఎన్నడూ అందులో చేరలేదు కాబట్టి ఇబ్బంది కలగలేదు.

అవతలి గట్టు మీద సత్యవ్రతం బట్టలు పిండుకొని, గడియారం చూసుకొని, కార్యాలయానికి బయలుదేరబోయాడు. హైమవతి గొంతు సవరించుకుంది.

"సార్, మనం భల్లూక గట్టు మీద ఉన్నాం. శరభ గట్టుకు వెళ్ళాలంటే తమ అనుమతి కావాలి."

"ఇస్తున్నాను."

"సంతకం ఉంటే చాలదు సార్. సీలు పడాలి. సీలు ఆఫీసులో ఉంది."

ఆఫీసు ఇవతలి గట్టున ఉంది. మరొకరైతే ఆ నిబంధనను చూసీ చూడనట్టు వదిలేసేవారు. సత్యవ్రతం నిజాయితీపరుడని మొదటనే చెప్పుకున్నాం. ఆయన జీడిచెట్టు కింద ఒక రాయి మీద కూర్చున్నాడు. సీలు రావాలంటే ఎవరో ఒకరు గట్టు దాటి తేవాలి. దాటాలంటే అనుమతి కావాలి. అనుమతికి సీలు కావాలి. ఆయన ఆలోచిస్తూ ఉండిపోయాడు. డ్రైవరు తడిసిన క్యారేజీ విప్పి ఎండలో పెట్టాడు. హైమవతి నిబంధనల పుస్తకం పేజీలు ఒక్కొక్కటీ విడదీసి, ఎగిరిపోకుండా మీద జీడిపిక్కలు పెట్టి ఆరబెట్టుకుంది.

కొండవాగుల కోపం ఎంతోసేపు ఉండదు. మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. రెండు గట్ల మీది జనమూ భోజనాలకు వెళ్ళిపోయారు. దక్షిణామూర్తి నూకాలు కొట్టు ముందు ఒంటరిగా కూర్చున్నాడు. ఆయన ముందు టీ చల్లారిపోతున్నది.

"తాగరేటండి?" అంది నూకాలు.

"రెండోవాడు రావాలి."

"ఆరొస్తే ఏ గ్లాసులో పొయ్యాలండి? స్టీలు గ్లాసులు నిన్ననే మా అమ్మాయి పప్పు డబ్బాలకింద వాడేసింది."

అవతల ఇంజను చప్పుడయింది. భల్లూక గట్టు దిగుతున్నది. దాని ముందు అద్దానికి ఏ అనుమతీ అంటించి లేదు. రాయి మీద కూర్చున్న అధికారి లేచి చెయ్యెత్తాడు గాని, ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తోచక అలాగే ఉండిపోయింది. భల్లూక నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకువచ్చింది. బుల్లిరెడ్డి ఎప్పటిలాగే ఏమీ పరీక్షించలేదు. ఇవతలి గట్టు ఇంకా నాలుగు బారలుందనగా, వరద కొత్తగా తెచ్చి పరిచిన ఇసుకలో భల్లూక ముక్కు వంచి, ఇరుసుదాకా కూర్చుంది.

బుల్లిరెడ్డి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏరా, పొద్దున్న నువ్వన్నది నాకు సరిగ్గా వినపళ్ళేదు."

"వినపడింది. నీ చెవులు ఎర్రబడడం ఇక్కడికి కనపడింది."

"సర్లే, తాడెయ్యి."

దక్షిణామూర్తి నెమ్మదిగా లేచాడు. శరభ దగ్గరికి నడిచాడు. రెండో తాడు చుట్ట తీసి భుజాన వేసుకొని, నీళ్ళ అంచుదాకా వచ్చి ఆగాడు.

"అంతర్‌బ్రాండు లాగుడు అనుమతి ఉందా?"

దానికి బుల్లిరెడ్డి చెప్పిన సమాధానం ఏ నిబంధనలోకీ రాదు. అది విన్నాక దక్షిణామూర్తి తాడు విసిరాడు.